జేబులో ఒక షీటు, బీరువాలో ఒక షీటు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు పల్లె నుంచి ఒక ఇల్లాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరమంతా వేసే చోటు లేదు కాబట్టి సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 36 ఏళ్లు, భర్తకు 41. ఆయన రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్‌గా చేసేవారు. ఒక చలికాలంలో సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, అన్నం సయించకపోవడం మొదలయ్యాయి. ఊళ్లో ఆర్.ఎం.పి. టైఫాయిడ్ అన్నాడు. సూదులు వేశాడు, సెలైన్ పెట్టాడు. నాలుగు రోజులు తగ్గేది, మళ్లీ తిరగబెట్టేది. అలా రెండు నెలలు గడిచాక ఒక పొద్దున టీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది, మాట పడిపోయింది. నెల్లూరు తీసుకెళ్లి స్కానింగూ ఎకో తీయిస్తే, గుండె వాల్వుకు ఇన్ఫెక్షన్ పట్టిందనీ, అక్కణ్ణుంచి ఒక ముక్క ఊడి మెదడు రక్తనాళంలో అడ్డం పడిందనీ తేలింది. చిన్నప్పుడెప్పుడో కీళ్లవాతం జ్వరం వచ్చి వాల్వు ముందే దెబ్బతిని ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆరు వారాలు నరానికి మందులు ఎక్కించారు, ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు వేశారు. ఇంటికి వచ్చి పదహారు నెలలు.

మాట చాలావరకు తిరిగొచ్చింది గానీ, కోపం వస్తే తడబడుతుంది. కుడిచేతి పట్టు పూర్తిగా రాలేదు. రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష నెలకోసారి. ఈమె గోంగూర మాన్పించారు, తోటకూర మాన్పించారు, ఎందుకైనా మంచిదని చేపలు కూడా మాన్పించారు. బండి తాళాలు దాచారు. రాత్రిపూట వాల్వు టిక్కుటిక్కుమంటుంటే లెక్కపెట్టుకుంటూ మేలుకుంటారు. ఆయనేమో "ఏందిమే, ఇల్లా జైలా?" అంటున్నారు. మళ్లీ గుంటల మీద నైట్ డ్యూటీకి పోతానంటున్నారు. బావగారు "ఆపరేషన్ అయిపోయె గదా, ఇంకా ఎన్నాళ్లు కూర్చుంటాడు" అంటారు. అత్తగారికి పెంచలకోనలో కొడుకు తలనీలాల మొక్కు ఉంది.

ఆయనకు రెండు నెలలుగా కింది దవడ పన్ను నొప్పి. డెంటిస్టు దగ్గరికి వెళితే రక్తం పలచబరిచే మాత్ర ఐదు రోజులు ఆపేసి రమ్మన్నారట. భయపడి వెనక్కి వచ్చేశారు. తర్వాత ఈమెకు ఆయన చొక్కా జేబులో నొప్పి మాత్రల షీటు దొరికింది.

ఇక ఆఖరి పేజీ అడుగున రెండు లైన్లు. మూడు వారాల కిందట ఆయనకు రెండు సాయంత్రాలు జ్వరం వచ్చింది. "ఎవురికీ చెప్పమాక, మళ్లా ఆసుపత్రిలో పడేస్తారు" అన్నారు. పాపకు గొంతునొప్పికి తెచ్చిన యాంటీబయాటిక్ షీటు బీరువాలో మిగిలి ఉంటే, అందులోంచి ఈమె నాలుగు మాత్రలు వేశారు. తగ్గిపోయింది. ఆ నెల పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరుగారు జ్వరం ఏమైనా వచ్చిందా అని అడిగితే లేదన్నారు. "నేను చేసింది తప్పా? ఆయన్ని ఎలా దారిలో పెట్టాలి?" ఇదీ ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో గోంగూరకు ముప్పావు పేజీ ఇచ్చారు, జ్వరానికి రెండు లైన్లు. నేను ఆ రెండు లైన్ల దగ్గరే మొదలుపెడతాను. నేను డాక్టర్ని కాను. ముప్పై రెండేళ్లు వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి ఒంగోల్లో ఇంటిపట్టున ఉన్నదాన్ని. పేషెంటు తాలూకు వాళ్లు అన్నీ చెప్పి, తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "అన్నట్టు సిస్టర్..." అంటారు చూడండి, అసలు సంగతి అక్కడుంటుందని ఆ ఉద్యోగం నాకు నేర్పింది.

తప్పా అని అడిగారు. భయంతో చేశారు, తెలియక చేశారు. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టండి, అది ఇప్పుడు అక్కరకు రాదు. ఆ నాలుగు మాత్రలు ఏం చేస్తాయో మాత్రం మీకు తెలియాలి. వాల్వు రేకులకు సొంత రక్తనాళాలు దాదాపుగా ఉండవు. క్రిములు అక్కడ చేరి గడ్డకట్టిన రక్తంలో గూడు కట్టుకున్నాయంటే, ఒంట్లో కాపలా ఉండే తెల్లకణాలు ఆ గూటిలోకి సరిగ్గా చేరలేవు. అందుకే మీవారికి ఆరు వారాలు, అదీ నరంలోకి, పెద్ద మోతాదులో ఎక్కించారు. 1940లలో పెన్సిలిన్ వచ్చేదాకా ఈ జబ్బు పట్టినవాళ్లు దాదాపుగా ఎవరూ దక్కేవారు కాదు. అలాంటిదాన్ని నాలుగు మాత్రలు చంపవు. పైపైన ఉన్నవాటిని అణచి, జ్వరాన్ని మాత్రం దాచేస్తాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. యాంటీబయాటిక్ పడ్డాక రక్తం తీసి, అందులో క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు పంపితే క్రిమి దొరక్కపోవచ్చు. ఏ క్రిమో తెలియకపోతే ఏ మందు వాడాలో డాక్టర్లు గుడ్డిగా వెతుక్కోవాలి. మొదటిసారి రెండు నెలలు నాలుగు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది కదా, ఆ తీరు గుర్తు చేసుకోండి.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ రెండు సాయంత్రాల జ్వరం మామూలు జలుబు జ్వరమే అయి ఉండొచ్చు. మూడు వారాలుగా మళ్లీ రాలేదు, అన్నం తింటున్నారు, చెమటలు లేవు అని రాశారు. అది మంచి సూచనే. కానీ ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ, మెటల్ వాల్వు ఉన్నవాళ్లకూ ఎక్కువ. మీవారు రెండు లెక్కల్లోనూ ఉన్నారు.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. నెల పరీక్ష దాకా ఆగి చూడటం ఒకటి. ఏమీ లేకపోతే ఏమీ కాదు. ఏదైనా ఉంటే మాత్రం ఆ రోజులు దానికి కలిసొస్తాయి. మెటల్ వాల్వుకు పట్టిన ఇన్ఫెక్షన్ మందులకు లొంగడం ఇంకా కష్టం, చాలామందికి రెండో ఆపరేషన్ దాకా పోతుంది. రెండో దారి, వచ్చే సోమవారమే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, జ్వరం సంగతీ మాత్రల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేయడం. ఆయన రక్తం తీయిస్తారో, కల్చర్ పంపుతారో, ఎకో మళ్లీ తీస్తారో ఆయన చూసుకుంటారు. ఏమీ లేదని తేలితే మీకు పోయేది ఒక రోజూ కొంత డబ్బూ. డాక్టరు కేకలేస్తారని మీ బెంగ. వేస్తే వేయనివ్వండి. కేకలేసిన డాక్టర్లను చాలామందిని చూశాను. పది నిమిషాల్లో మర్చిపోయి ఎకో చీటీ రాస్తారు. వెళ్లేదాకా మధ్యలో జ్వరం వస్తే సోమవారం అని కూర్చోకండి.

ఇకముందు కూడా ఇదే లెక్క. ఇంట్లో థర్మామీటరు ఉంది కదా, గంటగంటకూ పెట్టొద్దు, ఆయనకు ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తేనే పెట్టండి. 100.4 దాటితే అంకె, టైమూ రాసుకోండి. యాంటీబయాటిక్ ఏదీ, ఎవరిచ్చినా వేయకుండా బ్లడ్ కల్చర్ చేసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు మూడు చోట్ల నుంచి విడివిడిగా రక్తం తీస్తారు, ఆ తర్వాతే మందు మొదలవ్వాలి. ఊళ్లో ఆర్.ఎం.పి.కి ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచండి. పలచబరిచే మాత్ర వాడేవాళ్లకు తుంటికి సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టి గడ్డ అవుతుందని కూడా చెప్పండి. మంచివాడే అని రాశారు కాబట్టి వింటాడు. మూతి వంకరపోవడం, చెయ్యి జారడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే మాత్రం ఎవరినీ అడగొద్దు, 108కి ఫోన్ చేయడమే.

ఇక పన్ను. నాకు అసలు ఖంగారు ఇక్కడే. గుండెకు పట్టే క్రిముల్లో చాలా రకాలు నోట్లో ఉండేవే. పుచ్చిన పన్ను, చీము పట్టిన చిగురు ఉన్న మనిషి అన్నం నమిలినా, పళ్లు తోముకున్నా కొన్ని రక్తంలోకి వెళుతూనే ఉంటాయి. మామూలు వాళ్లకు అవి ఏమీ చేయవు. మీవారికి వాటికి దిగే చోటు ఉంది. మీరు పదహారు నెలలుగా ఒళ్లు హూనం చేసుకుని కాపలా కాస్తున్నారు, కానీ ఆ కాపలా వంటింటి గుమ్మం దగ్గరుంది. దొంగ వచ్చేది నోటి గుమ్మంలోంచి.

మీకు కనిపించినవి రెండే దారులు, రెండూ చెడ్డవే: మాత్ర ఆపి పన్ను పీకించుకోవడం, లేదా పన్ను అలాగే వదిలేయడం. మాత్ర ఐదు రోజులు ఆపితే మెటల్ వాల్వు మీద, అందులోనూ ఎడమవైపు రెండు గదుల మధ్యనున్న వాల్వు మీద, రక్తం గడ్డకట్టొచ్చు. మీవారికి వేసింది అక్కడే. గడ్డ కదిలితే మళ్లీ పక్షవాతం. అలాగని వదిలేస్తే నోట్లో ఆ చీము గని అలాగే ఉంటుంది. మూడో దారి ఉంది, మీకెవరూ చెప్పినట్టు లేదు. మామూలుగా ఒక పన్ను తీయడానికి ఈ మాత్ర ఆపనక్కర్లేకుండానే చేస్తున్నారు. ఒకటి రెండు రోజుల ముందు ఐ.ఎన్.ఆర్. చూస్తారు. అక్కడి మెటల్ వాల్వుకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. ఆ హద్దులో ఉంటే పన్ను తీసి, కుట్టు వేసి, గాజుగుడ్డ గట్టిగా కొరికించి కూర్చోబెడతారు. తీయడానికి అరగంట నుంచి గంట ముందు యాంటీబయాటిక్ ఒక్క మోతాదు వేస్తారు. పెన్సిలిన్ పడేవాళ్లకు మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పడనివాళ్లకు వేరేది. ఇదొక్కటీ మీరు ఇంట్లో వేసేసుకునేది కాదు, పళ్ల డాక్టరు కళ్లముందు జరగాలి.

అందుకు ఏం చేయాలంటే, సోమవారం గుండె డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి: మెటల్ వాల్వు ఉంది, ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది, మాత్ర ఆపాలా వద్దా, ముందు ఏ మోతాదు వేయాలి అని. చిన్న క్లినిక్కు కాకుండా పెద్దాసుపత్రిలో ఉండే దంత విభాగానికి వెళ్లండి. వారం మొదట్లో, పొద్దున్నే చేయించుకోండి. సాయంత్రం రక్తం ఆగకపోతే చూడటానికి డాక్టరు ఉంటారు, శనివారం రాత్రి పరుగులు ఉండవు. మీకు మాత్ర ఆపమన్న డెంటిస్టు మీద నాకు కోపమేమీ లేదు. ఆయన రక్తస్రావం గురించి ఆలోచించారు, గుండె డాక్టరును ఒక మాట అడిగి ఉంటే బాగుండేది. ఒకవేళ మీ గుండె డాక్టరే ఏదో కారణంతో ఆపాలి అంటే, మధ్యలో వేరే సూదులతో ఎలా కాపాడతారో అడిగి, ఆయన చెప్పినట్టే చేయండి. ఆ పన్ను అయ్యాక ఆర్నెల్లకోసారి పళ్లు చూపించాలి. ఆయనకు వేపపుల్ల అలవాటన్నారు. చిగుళ్లు గీరుకోకుండా మెత్తటి బ్రష్ నయం, రోజుకు రెండుసార్లు.

ఆ జేబులో షీటు పేరు రాశారు, డైక్లోఫెనాక్ అని. పలచబరిచే మాత్రతో అది కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం ఉంది. మలం నల్లగా తారులా వస్తోందేమో ఆయన్ని అడగండి, వస్తే అదీ ఆసుపత్రి సంగతే. పన్నునొప్పికి మెడికల్ షాపులో చాలాసార్లు మెట్రోనిడజోల్ కలిసిన మాత్ర ఇస్తారు, అది ఐ.ఎన్.ఆర్.ని ఎగదోస్తుంది. డాక్టరు చూసేదాకా నొప్పికి పారాసిటమాల్ ఉన్నంతలో మేలు. అదైనా రోజూ నాలుగైదు మాత్రలు వారాల తరబడి వేస్తే ఐ.ఎన్.ఆర్. కదులుతుంది.

గోంగూర మీద నేను మీవారి పక్షమే. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మాత్రకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ మాత్ర మోతాదును మనిషి తినే తిండికి తగ్గట్టు సరిచేస్తారు. ప్రమాదం తినడంలో లేదు, ఒక నెల బొత్తిగా మానేసి, తర్వాత పెళ్లిభోజనాల సీజన్లో రోజూ తినడంలో ఉంది. వారానికి రెండుసార్లు అనుకుంటే ప్రతి వారం రెండుసార్లే, ఒకే కొలతలో. మళ్లీ మొదలుపెట్టేముందు డాక్టరుకు చెప్పి, రెండు వారాల్లో పరీక్ష చేయించండి. చేపలు ఎందుకు మాన్పించారో నాకు అర్థం కాలేదు. నెల్లూరులో ఉండి చేపల పులుసు లేకుండా పదహారు నెలలు! ఆయన కోపంలో సగం దానివల్లేనేమో. ఉప్పుచేపలూ ఊరగాయలూ తగ్గించండి, పచ్చిచేపకు అభ్యంతరం లేదు. మందు, అదే తాగుడు, ఉంటే మాత్రం మానాల్సిందే. దాని గురించి మీరేమీ రాయలేదు, నేనూ ఊహించను.

ఉద్యోగం సంగతి కొంచెం చిక్కే. గుంటల పని మీకు నాకన్నా బాగా తెలుసు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర రాత్రంతా మేలుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ కోసం చీకట్లో గట్టుమీద పరుగెత్తాలి. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే రొయ్య కొమ్ము గుచ్చుకుంటుంది. మామూలు మనిషికి అది గీత. మీవారికి రక్తం తొందరగా ఆగదు, చర్మం తెగిన చోట నుంచి కూడా గుండెకు క్రిమి పోగలదు. అందుకని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టమనడం లేదు. పనిలేని మగమనిషి ఇంట్లో ఉంటే ఎవరి గుండెకూ మంచిది కాదు.

యజమాని మళ్లీ పిలుస్తున్నారంటే ఆయన మీద నమ్మకం ఉన్నట్టే. మేత స్టాకు, లెక్కలు, కూలీల హాజరు, పగటిపూట పని అడిగి చూడొచ్చు. జీతం తగ్గుతుంది, మీరు రాసిన అప్పు తీరడానికి ఇంకో ఏడాది పడుతుంది, ఆయనకు కొంచెం చిన్నతనంగా కూడా ఉంటుంది. చెయ్యి పట్టు లేకపోయినా సాగే పని అది. నైటే కావాలంటారా, ఎకో బాగుండి, డాక్టరు సరేనని, పన్ను పని అయ్యాక, పక్కన ఇంకో మనిషి ఉండేలా వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టొచ్చు. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు, దెబ్బ తగిలితే వెంటనే సబ్బునీళ్లతో కడగడం ఉండాలి. రాత్రి మేలుకుంటే మాత్ర వేళ తప్పుతుంది, అందుకని ఆ మాత్ర సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరేముందే పడిపోవాలి. ఇప్పటికిప్పుడు పూర్తి నైట్ డ్యూటీకి మాత్రం నేను ఓటెయ్యను. బావగారు ఓటేస్తారు, కానీ పరుగెత్తాల్సింది బావగారు కాదు.

ఆయనకు విషయం చెప్పేందుకు పనికొచ్చే మాట ఒకటుంది. ఆపరేషన్ అయిపోయింది, నిజమే. పాడైన వాల్వు తీసేశారు, కొత్తది పెట్టారు. జబ్బు పోయింది, జాగ్రత్త మిగిలింది. అలసట కూడా నటన కాదు. రెండు నెలల జ్వరం, ఆరు వారాల మంచం, పెద్ద ఆపరేషన్, పక్షవాతం ఇవన్నీ కండను తినేస్తాయి. తిరిగి పుంజుకోవడానికి చాలామందికి నెలలు పడుతుంది, దిగులు కూడా పట్టుకుంటుంది. మెదడుకు దెబ్బ తగిలినవాళ్లకు కోపం వచ్చినప్పుడు మాట అందదు, మాట అందకపోవడంతో ఇంకా కోపం వస్తుంది. ఆ సమయంలో మీరు మాట అందించకండి, ఆగండి. స్పీచ్ థెరపీ మూడు నెలలకే మానేశారని రాశారు. పదహారు నెలల తర్వాత కూడా దానివల్ల ఉపయోగం ఉంటుంది, మళ్లీ అడగండి. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీదే జరిగిందన్నారు కదా, తర్వాతి పరీక్షలకూ మందులకూ ఏమైనా వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర కనుక్కోండి.

ఇక మీరు. రాత్రిళ్లు ఆ టిక్కుటిక్కు లెక్కపెడుతున్నారు. మెటల్ వాల్వు మూసుకున్నప్పుడల్లా ఆ చప్పుడు వస్తుంది, నిశ్శబ్దంలో పక్కనున్నవాళ్లకు వినిపిస్తుంది. మీరు మేలుకున్నా కొట్టుకుంటుంది, నిద్రపోయినా కొట్టుకుంటుంది. మీ వార్డులో నేను డ్యూటీలో ఉంటే మిమ్మల్ని బయటికి పంపి తలుపు వేసేదాన్ని. ఫ్యాన్ స్పీడు పెంచండి, ఆ చప్పుడులో ఇది కలిసిపోతుంది. వారానికి రెండు రాత్రులైనా పాప గదిలో పడుకోండి. కొన్ని కాపలాలు ఆయనకే అప్పగించండి: ఐ.ఎన్.ఆర్. పుస్తకం ఆయన రాసుకోవాలి, మాత్ర ఆయన వేసుకోవాలి, పళ్లు ఆయన తోముకోవాలి. ఏ వాల్వు వేశారో రాసి ఉండే వాల్వు కార్డు ఆయన జేబులో ఉండాలి, ఫొటో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. బండి తాళాలు మాత్రం చేతి పట్టు చూసి డాక్టరు చెప్పాక ఇవ్వండి. ఆయన ఒకటి మర్చిపోతే మీరు గుర్తు చేయొచ్చు, పోలీసులా పట్టుకోకండి. ఒకటి రెండు పొరపాట్లు జరుగుతాయి, ఆ రిస్కు ఉంది. అన్నీ మీరే పట్టుకుని కూర్చుంటే ఆయన చొక్కా జేబులు పెరుగుతాయి.

అత్తగారి మొక్కుకు వంక పెట్టక్కర్లేదు. పెంచలకోన వెళ్లండి, కొత్త బ్లేడు అని గట్టిగా అడగండి, చిన్న గాటు పడితే గుడ్డతో పది నిమిషాలు ఒత్తిపట్టాలి. పన్ను పని అయ్యాకే వెళ్లండి.

ఆయన దగ్గర ఈ సంగతి ఎలా ఎత్తాలా అంటే, షీటు దొరికిందని నిలదీయకండి. మీ బీరువాలో ఉన్న మీ షీటు ముందు తీసి బల్లమీద పెట్టండి. నేను డాక్టరుకు అబద్ధం చెప్పాను, నాకు నిద్రపట్టడం లేదు, సోమవారం చెప్పేద్దామనుకుంటున్నా అనండి. ఆయన ఒప్పుకోకపోతే మీరొక్కరే ఫోన్ చేసి డాక్టరుకు చెప్పొచ్చు, ఆ హక్కు మీకుంది. దానికి ఆయన నాలుగు రోజులు అలుగుతారు. ఒప్పుకుంటే ఆయన షీటు కూడా ఆయనే తీస్తారేమో చూడండి, తొందరపెట్టొద్దు. బయల్దేరేటప్పుడు రెండు షీట్లూ సంచిలో వేసుకోండి. ఖాళీ గుంటలు ఎన్నో డాక్టరుగారు లెక్కపెట్టుకుంటారు.